బండి కదిలేదాకా

మా నాన్న క్రిమినల్ లాయరు. సాక్ష్యం చూపించందే దేన్నీ నమ్మేవాడు కాదు, ఒక్క శకునాన్ని తప్ప. నాంపల్లి కోర్టులో పోలీసు సాక్షులకు మూడు చెరువుల నీళ్ళు తాగించే మనిషి, ఇంటి దగ్గర పిల్లి అడ్డొస్తే మాత్రం వెనక్కి తిరిగొచ్చి, వరండాలో కుర్చీలో కాసేపు కూర్చుని, తనే ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. ఆ గ్లాసు తెచ్చిచ్చే పని నాది.

మాది గుంటూరు వైపు. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా తాతయ్య సర్కారు ఉద్యోగంతోపాటు హైదరాబాదు వచ్చి, ఆబిడ్స్‌లో ఓ సందులో ఇల్లు కట్టాడు. ఇంటి ముందు వాకిలి, వాకిలి చివర పెద్ద గేటు, గేటుని ఆనుకుని ఒక గది. వాకిట్లో ఎండకీ వానకీ మా నాన్న కారు నిలబడి ఉండేది. తెల్లటి పాత డీజిల్ బండి. అది స్టార్టయితే సందంతా తెలిసేది. తొంభైల చివర్లో తోటి లాయర్లందరూ చిన్న చిన్న పెట్రోలు కార్లు కొనుక్కున్నా ఆయన దాన్ని వదల్లేదు. క్లయింటు ముందు బండిని చూసి తర్వాత లాయర్ని నమ్ముతాడని ఆయన సిద్ధాంతం.

గేటుగదిలో ఇద్దరు ముసలివాళ్ళు అద్దెకుండేవారు, మొగుడూ పెళ్ళాం. నేను పుట్టకముందు నుంచీ ఉన్నారు. ఆయన ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. గోదావరి వైపు బ్రాహ్మలు, పిల్లల్లేరు. నేను తాతగారూ, మామ్మగారూ అని పిలిచేదాన్ని. స్నానాల గదీ మరుగుదొడ్డీ మా పెరట్లో ఉండేవి కాబట్టి, ఏ అవసరానికైనా వాళ్ళు మా వాకిలి దాటి రావలసిందే.

తాతగారు పురోహితుడు కాదు గానీ మంత్రాలొచ్చు. ఏటా దసరాకి మా బండికి పూజ ఆయనే చేసేవాడు. ఉంగరం వేలితో పసుపు ఇంతే ఇంత తీసి, బానెట్టు మీద ఒక బొట్టు, చక్రానికొక బొట్టు, అంతే. మామ్మగారు గది గుమ్మంలో నిలబడి, "ఆ బొట్లు చూడాలంటే బండికి కళ్ళజోడు కొనాలి" అని వేళాకోళం చేసేది. మా నాన్న ఆయన కాళ్ళకి దండం పెట్టి తాళంచెవి తీసుకునేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మా నాన్న ఆయన కాళ్ళకి దండం పెట్టేవాడు.

నేను డిగ్రీలో చేరిన ఏడు, ఎండాకాలంలో మామ్మగారు జ్వరం వచ్చి ఆ గదిలోనే పోయింది. తాతగారు ఒక్కడే మిగిలాడు. తమ్ముడి కొడుకు రాజమండ్రి నుంచి వచ్చి తీసుకుపోతానంటే వెళ్ళలేదు. మా నాన్నతో ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే.

"ఏడాదిపాటు ఆవిడ ఈ గడప చుట్టూనే తిరుగుతుందంటారు లాయరుగారూ. నెలనెలా మాసికాలు ఇక్కడే పెట్టుకుని, ఆబ్దికం కూడా ఈ గదిలోనే అయిందనిపించుకుని వెళ్ళిపోతాను. అంతవరకూ ఉండనివ్వండి."

"అదేం మాట, ఉండండి" అన్నాడు మా నాన్న.

దసరా వచ్చింది. ఏటిసూతకంలో ఉన్నవాడు పూజ చేయకూడదు, పసుపూ కుంకుమా ముట్టకూడదు. తాతగారు గదిలోంచి బయటికి రాలేదు. బండి పూజ మా అమ్మ చేసింది. మా అమ్మ ఏ పనైనా దండిగా చేస్తుంది. గిన్నెడు పసుపు ముద్దగా కలిపి, అరచేత్తో తీసి, బానెట్టుకీ తలుపులకీ చక్రాలకీ స్టీరింగుకీ, ఆఖరికి వెనక పక్కన డీజిల్ పోసే మూతకీ, గడపకి రాసినట్టు రాసింది. మీద కుంకుమ అద్దింది. "ఇన్నాళ్ళూ ఆ పిసినారి బొట్లతో సరిపెట్టారు. ఇప్పుడు చూడండి, బండి లక్ష్మీదేవిలా ఉంది" అంది. గేటుగది కిటికీ తెరిచే ఉంది. ఆయనకి వినపడే ఉంటుంది.

పండగైన కొద్ది రోజులకే బండి మొరాయించింది. స్టార్టు కాకపోవడం కాదు. తాళం తిప్పగానే ఎప్పట్లాగే గుడగుడమని అందుకునేది. మా నాన్న గేరు మీద చెయ్యి వేసేలోపు నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయేది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అందుకోవడం, మళ్ళీ ఆగిపోవడం. నల్లకోటు చెమటకి తడిసేదాకా తిప్పి, విసుగొచ్చి, ఆటో పిలిపించుకుని కోర్టుకి పోయేవాడు.

నాంపల్లి స్టేషను ఎదురుగా ఓ సందులో ఆయన బండి చూసే మెకానిక్కు షెడ్డుండేది. మనుషులొచ్చి జీపుకి తాడు కట్టి లాక్కుపోయేవారు. అక్కడికి పోయాక, ముందు మూత తీసి డీజిలుందో లేదో చూసేవారు. తర్వాత తాళం తిప్పేవారు. బండి ఏ రోగమూ లేనట్టు నడిచేది. అయినా వచ్చిన బండిని ఊరికే పంపడం ఎందుకని ఒకసారి ఫిల్టరు మార్చారు, ఒకసారి గాలి పట్టిందని పైపులు విప్పి బిగించారు, ఒకసారి పంపు దించారు. మా నాన్న దాన్ని రాజసంగా నడుపుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఒకటి రెండు రోజులు బాగుండేది. మూడో రోజు పొద్దున్నే మళ్ళీ అదే దగ్గు.

ఒక రాత్రి అన్నం తింటూ మా నాన్న ఈ కేసుని వాదించాడు.

"షెడ్లో నడుస్తుంది. మన వాకిట్లో ఆగిపోతుంది. షెడ్లో లేనిదీ మన వాకిట్లో ఉన్నదీ ఏంటి?"

"కోర్టు దగ్గర కూడా ఒకసారి ఆగింది కదా నాన్నా" అన్నాను. నేనప్పుడు బషీర్‌బాగ్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజు కాలేజీ నుంచి వస్తూ ఆయనతో పాటు కార్లో కూర్చున్నాను కాబట్టి నేనే సాక్షిని.

"ఆ రోజు పొద్దున బయల్దేరేటప్పుడు ఎవరెదురొచ్చారు?"

నేను చెప్పలేదు. మా అమ్మ చెప్పింది. "ఒంటి బ్రాహ్మడు" అంది, గొంతు తగ్గించి, ఏదో రోగం పేరు చెప్పినట్టు.

ఒంటి బ్రాహ్మడు ఎదురొస్తే తలపెట్టిన పని చెడుతుందని మా వైపు అందరూ అనేదే. మామ్మగారు బతికున్నన్నాళ్ళూ ఆయన ఒక్కడే చెంబు పట్టుకుని మా బండికి ఎదురొచ్చినా ఎవరికీ ఏమీ అనిపించలేదు. గదిలో పెళ్ళాం ఉంది కాబట్టి జంట కింద లెక్క. ఆవిణ్ణి కాటికి మోసుకుపోయాక అదే మనిషి, అదే చెంబు, అపశకునం అయిపోయింది. ఇంతకన్నా నీచమైన తర్కం నేను కోర్టు గుమ్మాల్లో కూడా వినలేదు.

మర్నాడు మా నాన్న గేటుగదికి వెళ్ళి మర్యాదగానే చెప్పాడు. "నేను కోర్టుకి బయల్దేరే వేళకి మీరు బయటికి రాకుండా చూసుకోండి, ఏమీ అనుకోవద్దు, బండి కదిలాక మీ ఇష్టం." తాతగారు ఏమీ అనుకోలేదు. "అలాగే బాబూ, నాకెందుకు తట్టలేదో" అన్నాడు. ఆ ఆబ్దికం ఒక్కటీ గదిలో జరగాలి. దానికోసం ఏం చెప్పినా తలూపేవాడు.

ఆయన లోపలున్నా బండి ఆగిపోయింది. కిటికీలోంచి చూశాడని మా అమ్మ అంది. కిటికీ మూయించారు. అయినా ఆగిపోయింది. ఇంకో రోజు, మా నాన్న రెండో సారి తాళం తిప్పుతుంటే, బండి వెళ్ళిపోయిందనుకుని తాతగారు తలుపు తీశాడు. మా అమ్మ వాకిట్లోనే అందుకుంది.

"మీకు కాస్తయినా ఉండొద్దూ? అడుగు పెట్టడం, ఆగిపోవడం. మామ్మగారిని మింగింది చాల్లేదా?"

ఆ మాట మా అమ్మ అంది. ఇప్పుడడిగితే అనలేదంటుంది. నేను అక్కడే ఉన్నాను.

అప్పట్నుంచి పొద్దున పూట మా అమ్మ గేటుగదికి బయట గొళ్ళెం పెట్టడం మొదలుపెట్టింది. వంట ముగించి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి గొళ్ళెం పెట్టేది. బండి గేటు దాటాక తీసేది. బండి మొరాయించిన రోజు ఆలస్యంగా తీసేది. లోపల ముసలాయన పెరట్లోకి పోవలసిన అవసరం ఎలా ఓర్చుకునేవాడో మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. పొద్దున కాఫీ మానేశాడని మాత్రం నాకు తెలుసు. ఒక రోజు నేను ఉండబట్టలేక వెళ్ళి గొళ్ళెం లాగాను. తలుపు తోస్తే ఆయన లోపల్నుంచి చేత్తో అడ్డం పట్టాడు.

"వద్దు తల్లీ. నాన్నగారి బండి వెళ్ళనీ" అన్నాడు.

బలవంతంగా మూసిన తలుపైతే తీయొచ్చు. ఆయనే లోపల్నుంచి పట్టుకుంటే ఏం చేస్తాం. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

జనవరిలో, నాంపల్లి మైదానంలో ఎగ్జిబిషను నడుస్తున్న రోజుల్లో, మాసికం తిథి వచ్చింది. పంతులుగారు పొద్దున్నే వస్తానని చెప్పాడు. ఆ రోజే మా నాన్నకి పెద్ద కేసు. తెల్లారగానే గొళ్ళెం పడింది. నల్లకోటు వేసుకుని ఆయన తాళం తిప్పాడు. అందుకుంది, దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు. పంతులుగారు సంచీ పట్టుకుని గేటు దగ్గరికొచ్చి, బయట గొళ్ళెం చూసి ఆగిపోయాడు.

"ఆయన లేరా?"

"ఉన్నారు. బండి కదిలేదాకా తలుపు తీయడానికి లేదు. కాసేపు అలా నిలబడండి" అన్నాడు మా నాన్న.

పంతులుగారు నిలబడ్డాడు. ఎగ్జిబిషను రద్దీలో తాడు కట్టి లాక్కుపోవడం కుదరదనీ, పెద్ద కేసుకి ఆటోలో దిగితే బాగుండదనీ మా నాన్న మెకానిక్కునే ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. వాడు వచ్చేసరికి పొద్దెక్కింది. పంతులుగారు ఎండని చూశాడు, తలుపుని చూశాడు. గన్‌ఫౌండ్రీలో ఇంకో ఇంట్లో తద్దినం ఉందన్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, "ఏమండీ, నాకు వేళ మించిపోతోంది" అని కేకేశాడు. లోపల్నుంచి ఏం జవాబొచ్చిందో నాకు వినపడలేదు. ఆయన సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ నెల మామ్మగారికి పిండం పడలేదు.

మెకానిక్కు మా ఇంటికి రావడం అదే మొదలు. వాడు తాళం తిప్పి, బండి దగ్గడం విని, మళ్ళీ తిప్పి విన్నాడు. షెడ్లో వాడికి ఈ దగ్గు ఎప్పుడూ వినపడలేదు. తర్వాత అలవాటుగా డీజిల్ చూద్దామని మూత విప్పాడు. లోపలికి గాలి పీల్చుకుంటూ బుస్సుమన్న చప్పుడు నాకు కూడా వినపడింది. వాడు మూత మళ్ళీ బిగించకుండా తాళం తిప్పాడు. బండి అందుకుంది. ఆగలేదు.

వాడు మూతని ఎండలో తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది సార్ ఇది? గీ మూతకు చిన్న పొక్క ఉంటది. డీజిల్ పోయినకొద్ది గాలి లోపటికి రావాలె. గాలి రాకపోతే పంపు డీజిల్‌ను ఎట్ల గుంజుతది? పసుపు ఎండి గట్టిగ మూసుకపోయింది."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు? ప్రతిసారీ విప్పుతూనే ఉన్నావుగా" అన్నాడు మా నాన్న.

"పూజ చేసింది గద సార్. మా పూజ గాదు, పసుపు ముట్టొద్దని జర పక్కకు పట్టుకుని విప్పి గట్లనే పెట్టినం."

వాడు సూదితో ఆ బెజ్జం పొడిచాడు. పసుపు పెళ్ళగా ఊడి కింద పడింది. మా అమ్మ దాన్ని చెప్పుతో పక్కకి నెట్టింది. మా నాన్న మూత తీసుకుని బెజ్జంలోంచి ఆకాశాన్ని చూశాడు, తనే బిగించాడు, బండెక్కి కోర్టుకి వెళ్ళిపోయాడు. అప్పుడు మా అమ్మ గొళ్ళెం తీసింది. తాతగారు పంచె గుప్పిట పట్టుకుని, తలెత్తకుండా పెరట్లోకి పరిగెత్తాడు. అంత వయసు మనిషి పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. పంచె అప్పటికే తడిసి ఉంది.

ఇక అయిపోయిందనుకున్నాను. సాయంత్రం నాన్న ఆయన్ని పిలిచి క్షమించమంటాడని కూడా అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళొచ్చినా అంత అమాయకత్వం ఉండేది.

సాయంత్రం మా నాన్న టీ తాగుతూ, "పసుపు ఎందుకు గట్టిపడిందంటావు?" అని మా అమ్మనడిగాడు. "ఎండకి. బండి ఎండలో ఉండబట్టి. దానికో షెడ్డు కావాలి. గేటుగది ముందు గోడ తీసేస్తే సరిగ్గా పడుతుంది."

"పాపం, ఆయన ఏడాది దాకా అన్నాడు కదా" అని మా అమ్మే అంది. నిజం చెప్పాలి, ఆ మాట అంది.

"అదీ ఇదీ వేరు. మూత బాగైంది. ఎదురు బాగవుతుందా? ఎందుకైనా మంచిది."

ఎందుకైనా మంచిది. మా ఇంట్లో జరిగిన చెడ్డపనులన్నీ ఈ మాట చెప్పుకునే జరిగాయి.

తాతగారు బతిమాలాడు. ఎండాకాలం దాకా, ఇంకెన్నో నెలల్లేవు అన్నాడు. పొద్దున్నే తనే లోపల గడియ పెట్టుకుంటానన్నాడు. మా నాన్న కోర్టులో వినిపించే మెత్తటి గొంతుతో వీల్లేదన్నాడు. తమ్ముడి కొడుకు వచ్చి పెట్టె, చాప, మామ్మగారి ఫోటో ఆటోలో పెట్టుకుని, నాంపల్లి స్టేషనుకి తీసుకుపోయాడు. మా నాన్న కోర్టుకి వెళ్ళాకే బయల్దేరారు, ఎదురు కాకుండా. మెకానిక్కు వచ్చిన రోజు తలుపు ఇవతల జరిగిన మాటలన్నీ తాతగారు విన్నాడనీ, మూత సంగతి తెలిసీ మర్యాదకి అడగలేదనీ నేను అనుకున్నాను.

గోడ కొట్టేశారు. బండి గదిలోకి చేరింది. మామ్మగారి మంచం ఉన్నచోట నేల మీద నల్లటి నూనె మరక పడింది. బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున మా నాన్న బండిని షెడ్లోంచి తీసి గేటు వైపు తిప్పాడు. గేటు అవతల తాతగారు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చేతిలో గుడ్డసంచీ, అందులోంచి దర్భలు పైకి కనపడుతున్నాయి. మామ్మగారి తిథి ఆ రోజే.

మా నాన్న చటుక్కున బండి ఆపేశాడు. దిగి, ఆయన్ని పలకరించకుండా వెనక్కొచ్చి, వరండాలో కుర్చీలో కూర్చున్నాడు.

"నీళ్ళు తేమ్మా" అన్నాడు నాతో.

నేను తేలేదు. గేటు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు మా అమ్మ తెచ్చిచ్చింది.

తాతగారు నన్ను చూసి నవ్వాడు. "బండి బాగా నడుస్తోందా తల్లీ?"

"నడుస్తోందండీ."

"పోన్లే. నేను వెళ్ళినందుకు అదైనా బాగుపడింది. నేను రావడం నాన్నగారు చూసేశారా? ఆయన వెళ్ళాక వద్దామనే అనుకున్నాను, రైలు తొందరగా వచ్చేసింది. ఆ గదిలో కాస్త నువ్వులూ నీళ్ళూ వదిలి పోతాను. ఎక్కువసేపు ఉండను."

ఆయనకి తెలియదని నాకు అప్పుడర్థమైంది. ఇన్ని నెలలూ రాజమండ్రిలో కూర్చుని, ఆ బండిని తనే ఆపాననుకున్నాడు. ఆ రోజు వాకిట్లో మా అమ్మ అన్న మాట ప్రకారం, ఇంకేం అనుకున్నాడో.

"మీరు వెళ్ళకముందే బాగుపడింది తాతగారూ" అన్నాను. మూత గురించి, పసుపు గురించి, బెజ్జం గురించి చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఏ రోజు?"

"పంతులుగారు తిరిగి వెళ్ళిపోయిన రోజు."

"నాన్నగారికి తెలుసా?"

"ఆయన కళ్ళెదురుగానే మెకానిక్కు మూత విప్పాడు."

చెప్పకుండా ఉండాల్సిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ముసలాయన మనశ్శాంతి పాడుచేశావంటుంది. ఎవరి మనశ్శాంతో నాకు తెలుసు. ఒప్పుకోను.

తాతగారు గోడ లేని గదివైపు చూశాడు. నూనె మరక చూశాడు. లోపలికి రండి అన్నాను. "ఇంకేం లోపలమ్మా" అన్నాడు. సంచీ భుజానికి తగిలించుకుని గేటులో ఒక పక్కగా, బండి వైపు తిరిగి నిలబడ్డాడు.

మా నాన్న నీళ్ళు తాగి వచ్చి బండెక్కాడు. స్టార్టు చేశాడు. ఇంజను సాఫీగా నడుస్తోంది. పక్కకి తప్పుకోమని చెయ్యి ఊపాడు. ఆయన కదల్లేదు. మా నాన్న హారన్ కొట్టాడు. సందులో ఒకరిద్దరు తలుపులు తీసి చూశారు. గేటు సగానికి పైగా ఖాళీగానే ఉంది, లారీ కూడా పడుతుంది.

"వెళ్ళండి లాయరుగారూ, బండి ఆగదు" అన్నాడు తాతగారు.

మా నాన్న ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. ఫైళ్ళు చంకలో పెట్టుకుని దిగి, పెరటి తలుపులోంచి వెనక సందులోకి పోయి, ఆటో ఎక్కి కోర్టుకి వెళ్ళాడు.

సాయంత్రం వచ్చి, కేసు ఓడిపోయానన్నాడు. ఎందుకని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.